టర్కీ కోళ్లను లెక్కపెడుతున్నారు, ఉత్పత్తిని మాత్రం కాదు: కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కృష్ణా జిల్లాలో టర్కీ కోళ్లు పెంచుకుంటున్న చిన్న రైతుగా ఈ లేఖ రాస్తున్నాను. రాయితీ పెంచమనో, అప్పు మాఫీ చేయమనో అడగడానికి కాదు. మన దేశంలో ఏటా ఎంత టర్కీ మాంసం ఉత్పత్తి అవుతోందో మీ శాఖ ప్రచురించే లెక్కల్లో విడిగా కనిపించదు. ఆ ఒక్క వరుసను చేర్చమని, అది కూడా సరైన పద్ధతిలో లెక్కగట్టి చేర్చమని కోరడానికే రాస్తున్నాను.

పశుగణనలో టర్కీలకు చోటు లేదని నేను అనడం లేదు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో కోళ్లు, బాతులు, కౌజు పిట్టలు, ఈములతో పాటు టర్కీలనూ విడిగా నమోదు చేశారు. మా ఊరికి లెక్కలు రాసుకునే ఎన్యూమరేటర్ జనవరిలో వచ్చారు. ఆయన ఫోన్ పట్టుకుని షెడ్డులోకి తొంగిచూసేసరికి అందులో మిగిలినవి గుడ్ల కోసం అట్టిపెట్టుకున్న పెట్టలు, వాటికి సరిపడా పుంజులు, బ్రూడరు (పిల్లలను వెచ్చగా ఉంచే ఏర్పాటు) కింద ఉన్న పిల్లలు మాత్రమే. అమ్మకపు బ్యాచ్ అంతా క్రిస్మస్‌కు ముందే వెళ్లిపోయింది. అదే ఆయన నవంబరులో వచ్చి ఉంటే, అదే షెడ్డులో అంతకు ఎన్నో రెట్లు పక్షులు కనిపించేవి. ఆయన తప్పేమీ లేదు, ఉన్నదే రాసుకున్నారు. కానీ అమ్మకాల్లో పెద్ద భాగం డిసెంబరులోనే జరిగే పక్షిని, ఆ నెలకు ముందు కొన్ని ఊళ్లలో, తరువాత కొన్ని ఊళ్లలో లెక్కించి, ఆ రెంటినీ కలిపిన మొత్తాన్ని ఐదేళ్లపాటు ఆధారంగా పెట్టుకుంటే దానిలో ఎంత నిజం మిగులుతుందో మీరే ఆలోచించండి. పైగా ఒక రోజున షెడ్డులో ఎన్ని పక్షులు ఉన్నాయన్నది ఒక లెక్క, ఏడాదిలో షెడ్డు నుంచి ఎన్ని బయటకు వెళ్లాయన్నది మరో లెక్క. బ్రాయిలర్ ఆరు వారాల లోపే అమ్మకానికి వస్తుంది కాబట్టి ఏడాదికి ఐదారు బ్యాచ్‌లు తిరుగుతాయి. నాలుగైదు నెలలు పెరగాల్సిన టర్కీకి రెండు బ్యాచ్‌లు పడితే గొప్ప.

ఇక ఏటా జరిగే సమగ్ర నమూనా సర్వే సంగతి. వేసవి, వానాకాలం, శీతాకాలం అని మూడు విడతలుగా చేసే ఈ సర్వే నుంచే దేశంలో పాలు, గుడ్లు, మాంసం, ఉన్ని ఎంత అన్న అంచనాలు వస్తాయి. 2023-24లో దేశ మాంసం ఉత్పత్తి 102.5 లక్షల టన్నులని, అందులో దాదాపు సగం పౌల్ట్రీదేనని మీ శాఖే ప్రకటించింది. గొర్రెకు, మేకకు, పందికి, గేదెకు వేర్వేరు వరుసలున్న ఆ పట్టికలో రెక్కలున్న ప్రతి పక్షీ పౌల్ట్రీ అనే ఒకే మాట కింద సర్దుకుంటుంది. బ్రాయిలర్ల సముద్రంలో టర్కీ ఒక చెంబుడు నీళ్లే కావచ్చు, విడిగా చూపించనందువల్ల జాతీయ మొత్తం ఏమీ మారదు. ఆ చెంబు ఏడాదికేడాది నిండుతోందా, ఇంకిపోతోందా అన్నది మాత్రం మా వంటివారికి జీవనాధారానికి సంబంధించిన ప్రశ్న.

మాంసం అంచనా కట్టే పద్ధతి సూత్రంగా సులభమైనదే: కోసిన పక్షుల సంఖ్యను ఒక్కో పక్షి ఇచ్చే సగటు మాంసంతో గుణించడం. కోళ్ల విషయంలో ఈ సగటు బాగానే పనిచేస్తుంది. టర్కీ దగ్గరకు వచ్చేసరికి, ఒకే వయసున్న పుంజు ఏడెనిమిది కిలోలు తూగుతున్నప్పుడు పెట్ట ఐదు కిలోల దగ్గరే ఆగుతుంది. నాటు టర్కీ బరువు వేరు, వెడల్పాటి రొమ్ముతో పెరిగే తెల్ల రకాల బరువు వేరు. దీనికి తోడు, మా ప్రాంతంలో చాలా టర్కీలు కబేళా గడప తొక్కవు. వారపు సంతలో జతల లెక్కన పెరట్లో పెంచుకోవడానికి అమ్ముడవుతాయి, లేదా విందు జరిగే ఇంటి దగ్గరే తెగుతాయి. కబేళాను చూసి కట్టిన అంచనాకు వీటి జాడ తెలియదు.

విదేశీ టర్కీ విషయంలో ఇంత అయోమయం లేదన్నదే నాకు వింతగా తోచే సంగతి. కస్టమ్స్ సుంకాల పట్టికలో బతికున్న టర్కీ పిల్లకు ఒక కోడ్, గడ్డకట్టించిన పూర్తి టర్కీకి ఒక కోడ్, ముక్కలు చేసిన మాంసానికి మరో కోడ్ ఉన్నాయి. 2023 సెప్టెంబరులో అమెరికాతో ప్రపంచ వాణిజ్య సంస్థలో పౌల్ట్రీ దిగుమతులపై నడిచిన వివాదాన్ని పరిష్కరించుకున్నప్పుడు, సుంకం తగ్గించడానికి మన ప్రభుత్వం ఒప్పుకున్న వస్తువుల్లో గడ్డకట్టించిన టర్కీ మాంసం ఒకటి. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లను. అయితే దాని వల్ల ఇక్కడి రైతుకు లాభమో నష్టమో తేల్చాలంటే ఇక్కడి ఉత్పత్తి ముందు ఎంత, తరువాత ఎంత అన్నది తెలియాలి కదా. ఓడలో వచ్చే టర్కీకి పద్దు ఉంది, ఊళ్లో పెరిగే టర్కీకి లేదు.

అమెరికా ఈ లెక్క ఎలా కడుతోందో చూడండి. అక్కడి వ్యవసాయ శాఖ ప్రతినెలా హేచరీల (గుడ్లు పొదిగించే కేంద్రాల) నుంచి, ఒకటో తేదీన ఇంక్యుబేటర్లలో ఎన్ని టర్కీ గుడ్లు ఉన్నాయి, కిందటి నెలలో ఎన్ని పిల్లలు గుడ్ల నుంచి బయటకు వచ్చాయి, వాటిలో ఎన్ని పెంపకానికి వెళ్లాయి అన్న వివరాలు సేకరిస్తుంది. టర్కీ గుడ్డు పొదగడానికి 28 రోజులు, పిల్ల ఎదగడానికి నాలుగైదు నెలలు పడుతుంది కనుక, ఈ నెల లెక్క చూస్తే పండుగ నాటికి ఎంత సరుకు వస్తుందో ముందే తెలిసిపోతుంది. తరువాత తనిఖీ ఉన్న కబేళాల నుంచి వచ్చే బరువులతో ఆ అంచనాను సరిచూసుకుంటారు. ఆ లెక్కలే లేకపోతే, 1996లో 30 కోట్లు దాటిన అక్కడి టర్కీల సంఖ్య 2024 నాటికి 20 కోట్ల దగ్గరకు దిగిపోయిందని ఎవరికి తెలిసేది? బర్డ్ ఫ్లూ దెబ్బలు, తగ్గుతున్న తలసరి వినియోగం అందుకు కారణాల్లో ముఖ్యమైనవి. అయితే అదే కాలంలో ఒక్కో పక్షి సగటు బరువు సుమారు 11 కిలోల నుంచి 14 కిలోలు దాటింది. అందుకే పక్షులు మూడో వంతు తగ్గినా మాంసం ఆ స్థాయిలో తగ్గలేదు. సంఖ్య ఒక దారిన, ఉత్పత్తి మరో దారిన నడవగలవనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

మన దగ్గర లెక్కలు లేని చోటును ఇప్పుడు పిల్లలు అమ్మే వ్యాపారులు భర్తీ చేస్తున్నారు. టర్కీకి గిరాకీ ఏటా రెట్టింపవుతోందని, పెరిగిన పక్షులను తామే తిరిగి కొంటామని వారు చెప్పే మాటలే యువరైతు ప్రాజెక్టు రిపోర్టులోకి ఎక్కుతాయి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ అనే కేంద్ర పథకం కింద 50 శాతం పెట్టుబడి రాయితీ కోసం వెళ్లే దరఖాస్తుకు జతపడతాయి. బ్యాంకు మేనేజరు వాటిని సరిచూడాలనుకున్నా, చూడటానికి ప్రభుత్వ పట్టిక ఉండదు. టర్కీ పిల్ల మొదటి రోజుల్లో మేతను తనంతట తాను గుర్తించదు. పదేసి పిల్లలకు ఒక ఉడికించిన కోడిగుడ్డు చొప్పున చిదిమి, మేత గిన్నెల్లో రంగు గోళీలు వేసి, వాటిని పొడిచేలా అలవాటు చేయాలి. అలా చేయని షెడ్డులో కళ్లముందే పిల్లలు ఆకలితో పోతాయి. నాటుకోళ్లతో కలిపి పెంచితే పేగులను, కాలేయాన్ని దెబ్బతీసే బ్లాక్‌హెడ్ జబ్బు అంటుకుంటుంది. ఈ నష్టాలు ఏ బ్రోచర్‌లోనూ కనిపించవు. 2012లో తమిళనాడులోని పెరుందురైలో ఇలాంటి హామీలతోనే నడిచిన ఈము వ్యాపారం కుప్పకూలిన నాటి సంగతులు మీ శాఖ దస్త్రాల్లో ఉండే ఉంటాయి. మా తెలుగు జిల్లాల్లో కూడా అప్పులు చేసి ఫారాలు పెట్టినవారు మేత కొనలేక పక్షులను వదిలేశారు. ఎంత ఉత్పత్తి అవుతోందో, ఎవరు తింటున్నారో ఎవరూ లెక్క చూడకపోవడం ఆ మోసాలకు కలిసివచ్చింది.

కాబట్టి నా మనవి ఇది. దేశంలో టర్కీ పిల్లలు పొదిగే హేచరీలు చేతివేళ్ల మీద లెక్కించదగినన్ని కాకపోయినా, లెక్కించలేనన్ని కావు. కేరళలో కొల్లం దగ్గర కురీపుళలో ఆ రాష్ట్ర ప్రభుత్వమే టర్కీ ఫారం నడుపుతోంది. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ ‘కారి విరాట్’ అనే టర్కీ రకాన్ని రూపొందించింది. మొదట ఇటువంటి ప్రభుత్వ సంస్థల నుంచి, తరువాత ప్రైవేటు హేచరీల నుంచి ఎన్ని పిల్లలు ఏ జిల్లాకు వెళ్లాయన్న నెలవారీ వివరం తీసుకోండి. ఆ సంఖ్యలోంచి బ్రూడరు దశలో పోయేవాటిని తీసివేయడానికి అమెరికా శాతాలు కాకుండా, మన వేసవిలో మన షెడ్లలో నమోదైన మరణాలనే వాడండి. సమగ్ర నమూనా సర్వే శీతాకాలపు విడతలో టర్కీ పుంజులను, పెట్టలను వేర్వేరుగా తూకం వేయించి, డిసెంబరు అమ్మకాలను ప్రత్యేకంగా అడిగించండి.

హేచరీలవారు పన్ను భయంతో వివరాలు దాస్తారన్న అభ్యంతరం వస్తుంది, అందులో కొంత నిజముంది. విడి విడి పేర్లు బయటపెట్టకుండా జిల్లా మొత్తాలనే ప్రచురిస్తే, ముందు ఆ పని ప్రభుత్వ ఫారాలతోనే మొదలుపెడితే, మిగిలినవారు రావడానికి దారి పడుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, వ్యాధి సోకిన ఫారం చుట్టూ కిలోమీటరు మేర ఏయే పక్షులు ఎన్ని ఉన్నాయో తేల్చే పని అప్పటికప్పుడు మీ సిబ్బంది మీదే పడింది. ఆ వైరస్‌కు సులువుగా లోనయ్యే పక్షుల్లో టర్కీ ముందువరుసలో ఉంటుంది కనుక, ఈ వివరం వ్యాధి నియంత్రణకు కూడా పనికొస్తుంది.

మీ శాఖ ఏటా ప్రచురించే పశుసంవర్ధక ప్రాథమిక గణాంకాల రాబోయే సంచికలోనే పౌల్ట్రీ మాంసం కింద టర్కీకి ఉపవరుస ఇవ్వగలరో లేదో, ఇవ్వలేకపోతే అడ్డంకి ఏమిటో మీ శాఖ గణాంక విభాగం ద్వారా బహిరంగంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కృష్ణా జిల్లా టర్కీ రైతు ఒకరు