ముక్కు విషయంలో బుజ్జికి అక్క ఉత్తరం

లండన్,
నవంబరు 16

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. డ్యూటీకి టైమవుతోందని పెట్టేశాను గానీ రాత్రంతా అదే ధ్యాస. మాఘమాసంలో పెళ్లిచూపులు, ఈలోగా ముక్కు ఆపరేషన్ చేయించుకుంటాను, పది రోజుల్లో అయిపోతుందట అన్నావు. ఫోన్లో అయితే మనిద్దరం దెబ్బలాడుకుంటాం, అందుకే రాస్తున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించు.

ముందు ఆ పది రోజుల సంగతి. ఈఎన్‌టీ వార్డులో నర్సుగా నేను చూసేది చెప్తాను. ఆపరేషన్ అయ్యాక ముక్కు మీద స్ప్లింట్, అంటే ముక్కు కదలకుండా పట్టి ఉంచే గట్టి కట్టు, వారం పాటు ఉంటుంది. కళ్ల చుట్టూ కమిలి నల్లబడుతుంది. రెండు వారాలకి ఆ రంగు చాలావరకు పోయి నలుగురిలోకి రావచ్చు. నీకు చెప్పినవాళ్లు ఇదే చెప్పి ఉంటారు. కానీ ముక్కు అసలు రూపం అప్పటికి రాదు. వాపు నెలల తరబడి కొద్దికొద్దిగా తీస్తుంది. కొన దగ్గర పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది, మనలా చర్మం మందంగా ఉన్నవాళ్లకి ఇంకా ఆలస్యం కావచ్చు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుని బావురుమన్నవాళ్లని నేనే పక్కన కూర్చుని ఓదార్చాను. మాఘమాసానికి నీ ముక్కు ఇంకా వాపుతోనే ఉంటుంది బుజ్జీ.

అమ్మకేమో సుత్తితో ముక్కు పగలగొడతారని భయం. అందరికీ ఎముక కొయ్యరమ్మా. దూలం మీద బుడిపె ఉంటేనో, ఎముక వంకర తిరిగి ఉంటేనో సన్నటి ఉలితో కోసి సరిచేస్తారు. కొన ఒక్కటే సరిచేయాలంటే మామూలుగా ఎముక జోలికి పోరు. పూర్తి మత్తులో ఉంటారు కాబట్టి ఏమీ తెలియదు. తర్వాత కూడా మా వార్డులో చాలామంది నొప్పి కంటే ముక్కు దిబ్బడేసి నిద్ర పట్టలేదనే చెప్తారు.

నువ్వు పంపిన ఆ హీరోయిన్ ఫోటో చూశాను. డాక్టరుకి అది చూపిస్తే అదే ముక్కు వస్తుందనుకోకు. లోపల ఎంత సన్నగా చెక్కినా పైన కప్పేది నీ చర్మమే. మందపాటి చర్మం కింద సన్నటి పనితనం అంతగా బయటపడదు. పోనీ అని లోపల ఎక్కువ తీసేస్తే ముక్కు కుంగి గాలి ఆడదు. దాన్ని బాగుచేయడానికి మళ్లీ ఏడాది ఆగాలి, రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం.

అసలు నీ ముక్కు బండగా ఉందని నీకు తెలిసింది సెల్ఫీలో కదా. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల దూరం నుంచి తీసినదానికంటే 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. తమ్ముణ్ణి అయిదడుగుల దూరంలో నిలబడి ఒక ఫోటో తీయమను.

కోత లేకుండా ఇంజెక్షన్‌తో చేస్తామన్న క్లినిక్‌కి మాత్రం వెళ్లొద్దు. నా మీద ఒట్టు. ఆ ఇంజెక్షన్‌లో ఎక్కించే ఫిల్లర్ అనే జెల్లు నింపుతుందే తప్ప ఉన్నదాన్ని తగ్గించలేదు. పొరపాటున అది రక్తనాళంలోకి వెళితే చర్మం కుళ్లిపోవచ్చు, కంటిచూపు కూడా పోవచ్చు. అరుదే, కానీ పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు.

నాన్నగారు ఇదంతా దొరల పిచ్చి అన్నారట. ఆయనకి ఈ సంగతి చెప్పు. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కావస్జీ అనే అతను టిప్పు సుల్తాన్ మనుషులకి దొరికితే ముక్కు కోసేశారు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులం ఆయన ఒకరు నుదుటి చర్మం కిందికి తిప్పి అతనికి ముక్కు కట్టారు. 1794లో ఆ సంగతి లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. తర్వాత 1814లో కార్ప్యూ అనే డాక్టరు ఇదే ఊళ్లో ఆ పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. దొరలు నేర్చుకున్నది మన దగ్గరే. తెగిన ముక్కు కట్టే పద్ధతి సుశ్రుతుడు ఎప్పుడో రాసిపెట్టాడు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే మాట. నువ్వు చిన్నప్పుడు మేడమెట్ల మీద నుంచి పడ్డావు, గుర్తుందా? అప్పటి నుంచి నోరు తెరుచుకునే పడుకుంటావు, ఎడమ పక్క ఎప్పుడూ దిబ్బడే. ముక్కు లోపలి మధ్యగోడ వంకరగా ఉందేమోనని నా అనుమానం. అందరం ఎలర్జీ అనుకుని వదిలేశాం, నేను నర్సునై ఉండి కూడా పట్టించుకోలేదు. ఆ గోడని సరిచేసే ఆపరేషన్ సోకు కాదు. దానివల్ల బయటి ఆకారం మామూలుగా మారదు. అవసరమైతే రెండూ కలిపి కూడా చేస్తారు.

అందుకని ముందు మంచి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లు, పెళ్లిచూపుల మాట ఎత్తకుండా గాలి ఆడటం లేదన్న సంగతే చెప్పు. అన్నీ తెలిశాక కూడా రూపం మార్చుకోవాలనిపిస్తే నేనేమీ అనను. సెలవు పెట్టి వచ్చి నీ మంచం పక్కనే ఉంటాను. ఎవరో అబ్బాయి చూడటానికి వస్తున్నాడని మాత్రం ఆ బల్ల ఎక్కొద్దు.

తమ్ముడు తీసిన ఫోటో, డాక్టరు రాసిన చీటీ రెండూ పంపు. ఆదివారం నాకు సెలవు, మీకు సాయంత్రమయ్యేసరికి ఫోన్ చేస్తాను.

నీ అక్క