నది అడుగున పిల్లలు లేని ఆల్చిప్పలు

సంపాదకులు గారికి నమస్కారం.

నది పాడైందని వార్త వస్తే పక్కన తెల్లటి నురగ ఫొటోనో, చచ్చి తేలిన చేపల ఫొటోనో వేస్తారు. మంచినీటి ఆల్చిప్పల ఊసు మాత్రం ఎక్కడా కనిపించదు. అవి ఇసుకలో సగం దిగబడి రాళ్లలాగే ఉంటాయి, చచ్చినా చాలావరకు అక్కడే నోరు తెరుచుకుని పడి ఉంటాయి, కాబట్టి ఎవరి కంటా పడవు.

కానీ అవి చేసే పని చూడండి. నీళ్లు లోపలికి పీల్చుకుని, అందులోని నాచు కణాలను, బ్యాక్టీరియాను తిని, మిగతా నీటిని తేటగా వదులుతాయి. బాగా ఎదిగిన ఆల్చిప్ప ఒక్కటే రోజుకు 40 లీటర్ల దాకా వడకట్టగలదు. అది తినకుండా వదిలేసింది జిగురులా అడుగుకు చేరి పురుగులకు తిండి అవుతుంది, ఆ పురుగులే చేపలకు తిండి.

వాటి పిల్లల సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. దాదాపు అన్ని జాతుల్లోనూ పిల్లలు కొన్నాళ్లు చేప మొప్పలనో రెక్కలనో పట్టుకుని బతకాలి, అదీ ఏ చేప పడితే అది పనికిరాదు. అమెరికాలో లాంప్సిలిస్ అనే రకంలో తల్లి తన ఒంటి అంచును అచ్చం చిన్న చేపలా ఆడిస్తుంది, పెద్ద చేప ఆశపడి నోరు పెట్టగానే పిల్లల్ని దాని మీదికి చిమ్ముతుంది. ఆ అంచు మీద కంటిలాంటి చుక్క కూడా ఉంటుంది, చేపను చూడగల కళ్లు మాత్రం ఆ తల్లికి లేవు!

అంటే చేప రాకపోతే ఆల్చిప్ప వంశం ఆగిపోయినట్టే. మిసిసిపీ నది మీద కియోకక్ దగ్గర 1913లో ఆనకట్ట కట్టాక స్కిప్‌జాక్ హెర్రింగ్ అనే చేప ఎగువకు రాలేకపోయింది, దాన్నే నమ్ముకున్న ఎబోనీషెల్ ఆల్చిప్పలు అక్కడ దాదాపు కనుమరుగయ్యాయి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఏంటంటే, ఇది వెంటనే బయటపడదు. యూరప్ నదుల్లోని ముత్యపు ఆల్చిప్పలు 100 ఏళ్లకు పైగా బతుకుతాయి. చాలా చోట్ల ఇప్పుడు మిగిలినవి ముసలివే, పిల్లలు కనిపించడం లేదు. పైపైన లెక్కేసినవాళ్లు మాత్రం బాగానే ఉన్నాయనుకుంటారు.

బురద పేరుకుపోవడం, అడుగు తవ్వేయడం, మురుగులోని అమ్మోనియా, ఇవన్నీ ముందు పిల్లల్నే చంపుతాయి. 1980ల్లో ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లతో అమెరికాలోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులకు చేరిన జీబ్రా మసెల్స్ అనే పరాయి చిన్న ఆల్చిప్పలు అక్కడి ఆల్చిప్పల ఒంటి మీదే గుంపులుగా అతుక్కుని వాటికి తిండి దక్కకుండా చేశాయి. ఆ దేశంలో 300 దాకా రకాలుంటే సగానికి పైగా ప్రమాదంలో ఉన్నాయి, 2023లో ఎనిమిది రకాలు ఇక లేవని ప్రభుత్వమే తేల్చి రక్షిత జాతుల జాబితా నుంచి తీసేసింది.

కొన్ని చోట్ల వీటిని కేంద్రాల్లో చేపల సాయంతో పెంచి మళ్లీ నదుల్లో వదులుతున్నారు. మంచి పనే, కానీ నీళ్లు బాగుపడకుండా వదిలితే అవీ పోతాయి. అందుకే ఇసుక తవ్వే ముందు, పూడిక తీసే ముందు, ఆనకట్ట కట్టే ముందు నది అడుగున ఎన్ని ఆల్చిప్పలున్నాయో మాత్రమే కాదు, వాటిలో పిల్లలు ఎన్నో కూడా లెక్కపెట్టమని అడగాలి. మీ పేపరు ఈసారి నది కాలుష్యం గురించి రాసేటప్పుడు ఆ లెక్క ఉందా అని అధికారులను అడిగి, వాళ్లు చెప్పిన జవాబు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు