టమాటాలు ఎందుకు తగ్గాయంటే

మూడు వారాలుగా మా తోట నుంచి మీకొచ్చే కూరగాయల బుట్టలో టమాటాలు సగమే ఉంటున్నాయి. పోయినసారి కొందరికి అడుగు నల్లబడ్డ కాయలు కూడా వెళ్ళాయి. చూసుకోకుండా పంపడం నా తప్పు, క్షమించండి. కానీ "ఎరువు దగ్గర కక్కుర్తి పడ్డారా?" అని ఒకరు అడిగిన మాటకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

కాయ అడుగు నల్లబడేది కాల్షియం అందకే. ఎరువులో మేం దాన్ని తగ్గించలేదు. అది నీళ్ళతో పాటే మొక్కలో పైకి ఎక్కుతుంది. నీళ్ళు చాలకపోతే వచ్చిన కాస్తా ఆకులే లాగేసుకుంటాయి, కాయ కొసకు చేరదు.

ఈ పంటకు ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్‌లో మొక్క మొదట్లో చుక్కలుగా నీళ్ళు వదిలే కొత్త డ్రిప్పర్లు వేయించాం. ఒక్కోటి గంటకు 2 లీటర్లు, అన్నీ సమానంగా ఇస్తాయని అమ్మినతను మాటిచ్చాడు. అనుమానమొచ్చి వరుస పొడవునా గ్లాసులు పెట్టి ఆరు నిమిషాలు నీళ్ళు వదిలాను. 200 మిల్లీలీటర్లు రావాలి. ఒకదాంట్లో వచ్చాయి, పక్కదాంట్లో 110. ఫిల్టర్ కడిగాను, పైపులు యాసిడ్‌తో శుభ్రం చేశాను, పెట్టెలోంచి కొత్తవి తీసి బిగించాను. అదే తీరు. ఫోన్ చేస్తే "ఇంకాసేపు ఎక్కువ వదలండి, సరిపోతుంది" అన్నాడు.

ఎలా సరిపోతుంది? బాగా ఎండ కాసిన రోజు ఎదిగిన టమాటా మొక్క రెండు లీటర్ల పైనే తాగుతుంది, మబ్బు పడితే అందులో సగం కూడా తాగదు. తక్కువ అందే మొక్క కోసం ఎక్కువసేపు వదిలితే పక్క మొక్క వేళ్ళు గాలాడక కుళ్ళుతాయి, పండబోయే కాయ ఉబ్బి పగులుతుంది. అయినా నాలుగు రోజులు అతని మాట విన్నాను. మీకొచ్చిన పగుళ్ళ కాయలు అప్పటివే.

డ్రిప్పర్లన్నీ మార్చేశాం. అసలు తేల్చుకోలేకపోయింది చెట్ల మీదున్న కాయల సంగతి. నిమ్మకాయంత పచ్చికాయ పైనుంచి నిగనిగలాడుతుంది, తిప్పి చూస్తే అడుగున నీరు పట్టిన మచ్చ. మచ్చ కోసేసి మిగతాది తినొచ్చు, తక్కువ ధరకు ఇచ్చేద్దామని ఇంట్లోవాళ్ళు అన్నారు. రెండు రోజులు ఎటూ తేల్చలేకపోయాను. చివరికి మచ్చ పడ్డవన్నీ కోసి పారేశాను. ఉంచితే మొక్క సత్తువ వాటికే పోతుంది, పైగా అలాంటి కాయ మీ చేతికివ్వడం నావల్ల కాదు.

కీరదోస, క్యాప్సికం మామూలుగానే వస్తాయి. ఇప్పుడు పట్టిన పిందెలు పండటానికి ఆరేడు వారాలు పడుతుంది, అప్పటిదాకా టమాటాలు సగమే. ముందే డబ్బు కట్టినవాళ్ళకు తేడా వెనక్కిస్తాం. గ్లాసులు ఇంకా వరుసల్లోనే ఉన్నాయి, రోజూ పొద్దున్నే నేనే కొలుస్తున్నాను. డ్రిప్పర్లు అమ్మినతను సగం డబ్బు తిరిగిస్తానన్నాడు. మొత్తం ఇచ్చినా సరే, అతని దగ్గర ఇంకొక్క పైపు ముక్క కూడా కొనను.