నీ హాజరు ఎంతో రాయి

కావలి,
ఆదివారం సాయంత్రం

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ బాగానే ఉన్నావనుకుంటున్నాను. నీ గొంతు విని పదకొండు రోజులైంది. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తోంది. చదువు ఎక్కువై ఉంటుందిలే అని మీ అమ్మకు నేనే సర్దిచెబుతున్నాను. ఫోన్ చేస్తే 'క్లాసుంది నాన్నా' అని పెట్టేస్తావని కాగితం తీశాను. పెద్ద విషయమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను.

రెండు రోజులు ముసురు పట్టింది. పెరటి గోడ మళ్లీ చెమ్మెక్కింది. నాయనమ్మ మోకాలు కాస్త నయం, నిన్న గుడిదాకా నడిచింది. సుగుణత్త వాళ్ల మేడ మీద గది పూర్తయింది, నీకు చూపించాలని ఒకటే ఆరాటం ఆమెకి. మధు శుక్రవారం సింహపురి రైల్లో వచ్చాడు. వాడే ఒక యూట్యూబ్ ఛానల్‌లో వచ్చిన నీ వీడియో చూపించాడు.

ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌లో మైకు పట్టుకుని నిలబడ్డావు. ఎండ నడినెత్తిన ఉంది. నెత్తిన గుడ్డ లేదు, చేతిలో నీళ్ల సీసా లేదు. అది బుధవారం అని మధు చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం నీకు క్లాసులు ఉంటాయి కదా? టైమ్ టేబుల్ నువ్వే రాసి ఫ్రిజ్ మీద అంటించావు, ఇంకా అక్కడే ఉంది. జయంతి అత్త అయితే ఇంకో మాట అంది. నువ్వు ఎంఏ మానేసి ఆ యూట్యూబ్ ఛానల్‌లో చేరిపోయావని వాళ్ల కోడలికి ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. మీ అమ్మ కూడా నమ్మలేదుగానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

జర్నలిజం వద్దని నేనెప్పుడూ అనలేదమ్మా. ఒకటి రెగ్యులర్‌గా, ఇంకొకటి దూరవిద్యలో ఒకేసారి చదువుకోవచ్చని 2022లో యూజీసీ అన్నాక, ఉస్మానియాలో ఎంఏ ఎకనామిక్స్ చేస్తూనే ఇగ్నోలో జర్నలిజం డిప్లొమా కూడా చేస్తానని నువ్వు అడిగావు. ఆ రోజే ఫీజు కట్టాను. అసలు నీకు జర్నలిజంలోనే ఎంఏ చేయాలని ఉండేదని నాకు తెలుసు. ఉస్మానియాలో ఆ శాఖ 1954 నుంచీ ఉందని, ఎంతమంది అక్కడినుంచి వచ్చారో అని నాకు గంటసేపు చెప్పావు. ముందు ఎకనామిక్స్ అని పట్టుబట్టింది నేనే. ఆ బాధ నీ మనసులో ఇంకా ఉందేమో, అందుకే ఫోన్ చేయడం లేదేమో అని ఈ పదకొండు రోజులూ అనిపిస్తోంది.

నేను ఎందుకు అలా పట్టుబట్టానో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ అమ్మకు తెలుసు.

1992లో నేను ఒక పత్రికకు ఇక్కడ కంట్రిబ్యూటర్‌ని. నాకు ఇరవై రెండేళ్లు. జీతం లేదు, అచ్చయిన వార్త కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. సాయంత్రం బస్సులో వార్తల కవరు వేయాలి. కండక్టరుకు ఇచ్చి, అది ఊరు దాటేదాకా స్టాండులోనే నిలబడేవాణ్ణి. అప్పటికి మన జిల్లాలో సారా గొడవ మొదలైంది. అక్షరదీపం రాత్రి బడుల్లో చదువుకుంటున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా కొట్టు మూయించారని తెలియగానే ఊరూరా అదే మాట. ఉదయగిరి రోడ్డు మీద ఒక ఊళ్లో ఆడవాళ్లు కొట్టు ముందు బైఠాయించారు. నేను సైకిల్ మీద వెళ్లాను.

అక్కడ ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పింది. ఒక ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసి చూపించారు, అడుగున గుప్పెడు నూకలు ఉన్నాయి. ఇంకో ఇంట్లో కూతురి చెవి కమ్మలు కూడా పోయాయి. ప్రతి ఇంట్లో రోజుకు ఎన్ని ప్యాకెట్లు తాగుతాడు, ఎంత పోతుంది అని అడిగి రాసుకున్నాను. పది ఇళ్లు తిరిగేసరికి పొద్దు వాలింది. బస్సు టైమ్ అవుతోంది. నేనేం చేశానంటే, ఆ పది ఇళ్ల సగటు తీసి ఊళ్లో ఉన్న ఇళ్లన్నిటితో హెచ్చవేశాను. పెద్ద అంకె వచ్చింది. ఊరి కష్టమంతా ఆ అంకెలో కనబడుతోందని పొంగిపోయాను. కవరు బస్సెక్కించాను. రెండో రోజు జిల్లా పేజీలో పైన అదే హెడ్డింగు.

మూడో రోజు సారా కాంట్రాక్టరు మనిషి ఎక్సైజ్ వాళ్ల లెక్క కాగితం పట్టుకుని పత్రికాఫీసుకు వెళ్లాడు. ఆ ఊరి కొట్టుకు సరఫరా అయిన ప్యాకెట్లన్నీ కలిపినా నేను రాసినదాంట్లో సగం లేవు. నేను తిరిగిన పది ఇళ్లూ ఎవరివి? కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్లవి. తాగుడు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడి ఆడవాళ్లే ముందు బయటికొస్తారు. తాగని ఇళ్లకు నేను పోనేలేదు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

పత్రికలో మూడు లైన్ల సవరణ వేశారు. అది వేయడం న్యాయమే. కానీ మరుసటి వారం ఆ ఆడవాళ్లు అర్జీ పట్టుకుని మండలాఫీసుకు వెళితే, అక్కడి ఆయన ఆ సవరణ ముక్క వాళ్ల ముందు పెట్టాడు. 'మీరు చెప్పేవన్నీ ఇట్లాంటివే కదా' అన్నాడు. వాళ్లు ఒక్క అబద్ధం చెప్పలేదు బుజ్జమ్మా. బియ్యం డబ్బాలో నూకలు నేను కళ్లారా చూశాను. నా హెచ్చవేత తప్పయినందుకు వాళ్ల నిజం చెల్లకుండా పోయింది. తర్వాత ఆ పెద్దామె కనబడి తిట్టలేదు. 'నువ్వు చదువుకున్నోడివి గదా నాయనా, లెక్క సరిగ్గా ఉంటాదనుకున్నాం' అంది. అంతే అంది.

వాళ్లు లేవలేదు, కూర్చునే ఉన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ రోజు ఆ ఊరికి వెళ్లి వార్త రాసే ముఖం నాకు లేకపోయింది. ఇంకో ఏడాదికి కంట్రిబ్యూటరు పని మానేసి ఎల్ఐసీ ఏజెన్సీ తీసుకున్నాను.

ఇప్పుడు వీడియో సంగతి. నువ్వు అందులో 'వేలాది మంది' అన్నావు. నేను ఆపి ఆపి చూశాను. నాకు కనిపించింది రెండు వందలమంది, పోనీ మూడు వందలు. కెమెరాకు అందనివాళ్లు ఉన్నారేమో, నాకు తెలియదు, నువ్వు అక్కడ ఉన్నావు. కానీ లెక్కపెట్టావా? దీనికో పద్ధతి ఉందని ఫోన్లో చదివాను. బర్క్‌లీలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ అనే ఆయన 1960లలో కిటికీలోంచి విద్యార్థుల గుంపులను చూస్తూ కనిపెట్టాడట. జనం పలచగా ఉంటే మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర అని వేసుకుని, నిలబడ్డ చోటును కొలవాలి. అది నీ చేతిలో పనే. అంగన్‌వాడీ ఆయాలు వాళ్లు. వాళ్లు మూడు వందలమందే అయినా అడిగేది న్యాయమైనదే కదా, మరి వేలెందుకు?

జీతం ఎన్ని నెలల నుంచి రాలేదని ఒక ఆయాను అడిగి, ఏ నెలదో మళ్లీ అడిగి ఖాయం చేసుకున్నావు చూడు, అది చాలా బాగుంది. ఆ ముక్క మీ అమ్మకు రెండుసార్లు చూపించాను.

ఎకనామిక్స్ వదలొద్దని అందుకే అంటున్నాను. నువ్వు దసరాకు వచ్చి వదిలేసి వెళ్లిన పుస్తకం రోజూ కాస్త చదువుతున్నాను. బడ్జెట్‌లో ఒకే పద్దుకు మూడు అంకెలు ఉంటాయట, మొదటి అంచనా, సవరించిన అంచనా, చివరికి నిజంగా ఖర్చయింది. మొదటిది చూసి 'భారీ కేటాయింపు' అని రాసిన వార్తలు ఎన్ని చదివానో. మూడోది ఎంతమంది చూస్తారు? పని వెతకడం మానేసిన మనిషి నిరుద్యోగుల లెక్కలోకే రాడని కూడా అందులోనే చూశాను, అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మైకు పట్టుకోవడం ఆరు నెలల్లో వస్తుంది. ఇది రాదు. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు ఎవరైనా పెట్టగలరు, ముప్ఫై రోజుల్లో జవాబు తెప్పించుకోగలరు. వచ్చిన కాగితాల్లో ఏముందో చదవగలిగినవాళ్లు కావాలి.

మీ హైదరాబాద్‌లోనే 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు లా చదివిన మనిషి. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట వస్తే, కోపంగా జవాబు రాసి ఊరుకోలేదు. ఊళ్ల నుంచి వివరాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చారు. లాయరు సాక్ష్యం పెట్టినట్టు పెట్టారు. నీకు ఇవన్నీ తెలిసే ఉంటాయి, నేను పాఠం చెప్పినట్టు అయిపోతోంది. చెప్పకూడదనే మొదలుపెట్టాను.

ఒకవేళ నిజంగానే మానేసి ఉంటే కూడా చెప్పు. కోప్పడను. కోప్పడినా ఒక రోజే. ఆ ఛానల్ వాళ్లు డబ్బులిస్తున్నారా? రాత్రి ఎన్నింటికి వదులుతారు? హాస్టల్‌కు ఎవరితో వస్తున్నావు? ఐడీ కార్డు ఇచ్చారా? ధర్నాలో తోపులాట అయితే కెమెరా సంగతి వాళ్లు చూసుకుంటారు, నువ్వు పక్కకు వచ్చెయ్. ఇగ్నో అసైన్‌మెంట్లు గడువులోపు పంపావా? వీలైతే అవి పంపేముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, తప్పులు దిద్దడానికి కాదు, చదువుకుంటాను.

మధు మంగళవారం వెనక్కి వస్తున్నాడు. వాడి దగ్గర చింతకాయ పచ్చడి, పప్పుచెక్కలు, కాటన్ టోపీ, స్టీలు నీళ్ల సీసా పంపుతున్నాం. పచ్చడిలో తడి గరిట పెట్టకు. నీ రూమ్మేట్‌కు కూడా ఇవ్వు. లోపల ఒక పోస్టు కవరు కూడా ఉంది, మన అడ్రసు రాసి, స్టాంపు అంటించి పెట్టాను. ఉత్తరం రాసే తీరిక లేకపోతే కాగితం మీద ఈ నెల ఎకనామిక్స్ హాజరు ఎన్ని శాతమో ఆ అంకె ఒక్కటి రాసి పోస్టు చెయ్. డెబ్బై అయిదుకు తక్కువున్నా ఉన్నదే రాయి.

మీ నాన్న

మీ అమ్మ రాయమంటోంది: టోపీ సైజు సరిపోకపోతే మధు చేతికే తిరిగి ఇచ్చేయమంది. ఆ వీడియోలో చిక్కిపోయి కనబడ్డావట. నాకలా అనిపించలేదుగానీ, పొద్దున టిఫిన్ మానేయకు.