చిన్న ఇళ్లకీ కూల్ రూఫ్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా కాలనీలో కొత్త ఇళ్లన్నీ ముందంతా అద్దాలు, పైన వట్టి స్లాబు, ఎండాకాలం రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది, దాంతో గదికో ఏసీ, ఆ కరెంటేమో ఎక్కువ భాగం బొగ్గుదే. మేం కిందటేడు డాబా మీద ఎండని వెనక్కి కొట్టి ఇంటిని చల్లగా ఉంచే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించి, పడమటి కిటికీలకి వట్టివేళ్ల తడికెలు కట్టాం, ఇప్పుడు చాలా రాత్రుళ్లు ఫ్యానుతోనే గడిచిపోతోంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకే ఇది తప్పనిసరి, మరి 100, 150 గజాల్లో ఉండేవాళ్ల సంగతేంటి? ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్‌కి కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది కదా, అలాగే పెయింట్ ఖర్చులో కొంతైనా ప్రభుత్వం మాలాంటోళ్లకి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్