పర్ణశాలల పండుగకు ఒక గడి

సంపాదకుడు గారికి,

అయ్యా,

మీ జిల్లా అనుబంధంలో వచ్చే ‘నేటి కార్యక్రమాలు’ శీర్షికను మొదటి పేజీ కన్నా ముందు చదివే అలవాటు నాది. ఆలయాల్లో కుంకుమార్చనలు, చర్చిల్లో ఉపవాస కూటములు, రంజాన్ నెలలో సహర్, ఇఫ్తార్ వేళలు, గ్రంథాలయంలో పుస్తకావిష్కరణలు, ఉచిత కంటి వైద్య శిబిరాలు, అన్నీ అక్కడే తెలుస్తాయి. అయితే చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలోని యూదుల ప్రార్థనా మందిరంలో ఫలానా రోజున ఫలానా ఆరాధన అన్న ఒక్క పంక్తిని ఇన్నేళ్లలో నేను ఆ శీర్షిక కింద చూడలేదు. సెప్టెంబరులో వారి ప్రధాన పండుగల్లో మూడు వరుసగా వస్తున్నందున, ఆ మందిరానికి కూడా మీ పత్రికలో ఒక గడి కేటాయించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ సమాజం గురించి మన పత్రికలు అసలు రాయలేదని అనను. బెనె ఎఫ్రాయిము అని తమను తాము పిలుచుకునే ఈ తెలుగు కుటుంబాలు ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకోవడం, వారిలో అధికులు మాదిగ కుటుంబాలవారు కావడం, ఆ వాదాన్ని ఇజ్రాయెల్ ప్రభుత్వం ఇప్పటికీ గుర్తించకపోవడం, ఇవన్నీ ఆదివారం సంచికల్లో పెద్ద ఫొటోలతో వచ్చినవే. ప్రతిసారీ వంశం ప్రస్తావనే గాని, వచ్చే వారం వారు ఏం చేయబోతున్నారన్నది ఎవరూ రాయరు. వంశవృక్షం నిజమో కాదో తేల్చడం కార్యక్రమాల శీర్షిక పని కాదు. మిగతా ఎవరినీ మీరు ఆ ప్రశ్న అడిగి వేళలు అచ్చు వేయడం లేదు కదా.

రెండేళ్ల కిందట కొచ్చి వెళ్లినప్పుడు మట్టాంచేరిలోని పరదేశి సినగాగును చూశాను. 1568లో కట్టిన ఆ మందిరంలో చెప్పులు విప్పి అడుగు పెడితే కాళ్ల కింద చేత్తో నీలిరంగు బొమ్మలు వేసిన చీనా పలకలు తగులుతాయి. ఏ రెండు పలకలూ ఒకే తీరున ఉండవని చెబితే మా ఆవిడ నేల మీదికి వంగి ఒకటొకటిగా పోల్చి చూస్తూ ఉండిపోయింది. టికెట్టు కొని వచ్చినవాళ్లు గదినిండా ఉన్నారు. సామూహిక ప్రార్థనకు సంప్రదాయం ప్రకారం పదిమంది వయోజన పురుషులు కావాలి. ఆ పదిమంది మాత్రం ఇప్పుడు అక్కడ స్థానికంగా దొరకరు. మన చేబ్రోలు పక్కన అంత అందమైన కట్టడమేమీ లేదు, మనుషులు మాత్రం ఉన్నారు. అక్కడ చూసేవాళ్లకు కొదవ లేదు, ఇక్కడ ప్రార్థించేవాళ్లు ఉన్నా పక్క ఊరికి ఆ సంగతి తెలియదు.

ఇక తేదీల మాట. యూదుల 5787వ సంవత్సరం సెప్టెంబరు 11 శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కొత్త సంవత్సరాదికి పొట్టేలు కొమ్ము ఊదుతారు. తెలుగు బైబిలు చదివినవారికి ఇది శృంగధ్వనిగా పరిచయమే. ఆ రోజు శనివారం పడితే కొమ్ము ఊదకూడదని సంప్రదాయం కాబట్టి, దాన్ని పాటించేచోట ఆ శబ్దం 13వ తేదీ ఆదివారం వినిపిస్తుంది. మర్నాడే వినాయక చవితి. గత ఏడాది ఈ రెండింటికీ మధ్య దాదాపు నాలుగు వారాల ఎడం ఉండింది. ఈ ఏడు మనకు అధిక జ్యేష్ఠం రావడంతో దగ్గరపడ్డాయి. చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెట్టి, సూర్యుడితో సరిపెట్టడానికి పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు కలుపుకోవడం వారికీ ఉంది. మన పంచాంగ కర్తలు వింటే సంతోషిస్తారు.

ప్రాయశ్చిత్త దినం 20వ తేదీ ఆదివారం సాయంత్రం మొదలై సోమవారం చీకటి పడేదాకా సాగుతుంది. దాదాపు పాతిక గంటలు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం అది. అప్పటికి తొమ్మిది రోజుల వినాయక పందిళ్లు ఇంకా తీసి ఉండరు. రేపు పక్కవాడలో ఉపవాస ప్రార్థన ఉందని పేపర్లో చదివితే, మైకు మోత కాసేపు తగ్గించే మర్యాద మన ఊళ్ల కుర్రాళ్లకు ఉంది; తెలియకపోతే ఎవరు మాత్రం తగ్గిస్తారు? ఆ సోమవారం బడిలో పరీక్ష పెట్టే ఉపాధ్యాయుడికీ, నాగా పెడుతున్నానన్న కూలీ మీద విసుక్కునే రైతుకూ కూడా ఆ ఒక్క పంక్తి పనికొస్తుంది. ఈ కుటుంబాల్లో చాలామందికి కూలి పనే ఆధారం. శనివారం విశ్రాంతి దినం పాటిస్తే వారానికి ఒక రోజు కూలి పోతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పర్ణశాలల పండుగ 25వ తేదీ శుక్రవారం సాయంత్రం మొదలై వారం సాగుతుంది. పందిరి వేసి, సందుల్లోంచి చుక్కలు కనిపించేంత పలచగా పైన ఆకులు కప్పి, ఆ నీడనే భోజనం చేస్తారు. మాదీఫలం జాతి పండునూ ఖర్జూరపు మొవ్వనూ చేతపట్టి ప్రార్థిస్తారు. తాటాకు పందిరి ఎరిగిన మన జిల్లాకు ఇదేమీ పరాయి పండుగలా అనిపించదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ సమాజంపై ఉగ్రదాడికి కుట్ర జరిగిందని 2004లో వార్తలు వచ్చాయి. 2008 నవంబరులో ముంబయిలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌పై జరిగిన ఉగ్రదాడి అందరికీ తెలుసు. కాబట్టి మందిరం పెద్దలను అడగకుండా ఏదీ అచ్చు వేయకండి. వారు పండుగ పేరూ తేదీయే చాలంటే అంతవరకే వేయండి. బయటివారు రావచ్చని వారంటే, తలపై గుడ్డ ఉండాలనీ, విశ్రాంతి దినాన సెల్‌ఫోనుతో ఫొటోలు తీయకూడదనీ రెండు ముక్కలు కలపండి. అసలు వద్దంటే నా అభ్యర్థనను ఇక్కడితో వదిలేయండి.

విశ్రాంతి దినం మొదలయ్యే ముందు శుక్రవారం సాయంత్రం వెలిగించే దీపం వేళకైతే కొత్త లెక్క కూడా అక్కర్లేదు. మీ పంచాంగం గడిలో సూర్యాస్తమయం రోజూ వేస్తూనే ఉన్నారు. సాధారణంగా దానికి పద్దెనిమిది నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పొన్నూరు.