కొత్త క్లబ్బు మీద అంకె కాదు, లాఫ్ట్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీ పేజీలో గోల్ఫ్ గురించి రాసినందుకు ముందుగా థాంక్స్. తెలుగు పత్రికల్లో ఈ ఆట గురించి వచ్చేదే తక్కువ, వచ్చినా ఎవరో ఒక పెద్దమనిషి క్లబ్బు పట్టుకుని నిలబడిన ఫొటో కోసమే వస్తుంది. కానీ కొత్త క్లబ్బుల సెట్ల గురించి ధరల పట్టికతో రాసిన ముక్క మాత్రం కంపెనీ వాళ్ళ బ్రోచర్ చదివినట్టే ఉంది. కొత్త ఐరన్లతో, అంటే 5, 7 అని అంకెలు వేసి ఉండే లోహపు క్లబ్బులతో, బంతి 20 గజాలు ఎక్కువ పోతుందని రాశారు సరే, ఎందుకు పోతుందో ఒక్క వాక్యం రాయలేదు. అది చెప్పకపోతే లక్షల్లో డబ్బు పెట్టేవాడికి ఏం ఉపయోగం?

నాకు ఈ ఆట పిచ్చి. హైదరాబాద్‌లో ఆడతాను, విశాఖ వెళ్ళినప్పుడు అక్కడా ఆడతాను, కొత్త క్లబ్బు కనబడితే చెయ్యి ఊరుకోదు కాబట్టి దొరికినవన్నీ కొట్టి చూస్తాను. అందుకే రాస్తున్నా.

ముందు ఆ 20 గజాల సంగతి. క్లబ్బు ముఖం వెనక్కి ఎంత వాలి ఉందో ఆ కోణాన్ని లాఫ్ట్ అంటారు, వాలు ఎక్కువైతే బంతి పైకి లేచి దగ్గర్లో పడుతుంది, తక్కువైతే కిందుగా, దూరంగా పోతుంది. 1980ల్లో తయారైన 7 ఐరన్ లాఫ్ట్ 36 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉండేది. ఇప్పుడు మామూలు ఆటగాళ్ళ కోసం అమ్ముతున్న 'గేమ్ ఇంప్రూవ్‌మెంట్' సెట్లలో అదే 7 ఐరన్ 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటోంది. అంటే దాదాపు పాత 5 ఐరన్ అన్నమాట, పైగా షాఫ్ట్, అంటే క్లబ్బు కర్ర, కూడా ఒక అర అంగుళం పొడుగు. పాత 5 ఐరన్ తీసుకుని దాని అడుగున 7 అని చెక్కి ఇస్తే అదీ 20 గజాలు ఎక్కువే పోతుంది! కాబట్టి షాపులో వాళ్ళు మీ పాత 7తో కొత్త 7ని పోల్చి చూపిస్తే ఆ లెక్కకు విలువ లేదు. డిగ్రీలు అడగండి, ఏ కంపెనీ అయినా వాళ్ళ వెబ్‌సైట్‌లో ప్రతి క్లబ్బుకీ లాఫ్ట్ పెడుతుంది, మీ పాత సెట్‌లో దానికి దగ్గరగా ఉన్నదేదో చూసుకుని ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి కొట్టండి.

ఇక్కడ కంపెనీలను పూర్తిగా తిట్టడం కూడా న్యాయం కాదు. కొత్త ఐరన్లలో బరువును బాగా కిందికి దించారు, కొన్నింట్లో టంగ్‌స్టన్ అనే బరువైన లోహం పెడుతున్నారు, ముఖం పలచగా చేశారు. దాంతో 29 డిగ్రీల క్లబ్బు కూడా బంతిని ఎత్తుగా లేపుతోంది. పాత 5 ఐరన్‌తో మనలాంటివాళ్ళు కొడితే బంతి కిందుగా దూసుకెళ్ళి గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఆగకుండా అవతలికి దొర్లిపోయేది, కొత్తదానితో ఆగే అవకాశం ఎక్కువ. అది నిజమైన లాభమే. కాకపోతే దాన్ని దూరం పేరుతో కాకుండా ఎత్తు, ఆగడం పేరుతో అమ్మితే నిజాయితీగా ఉండేది. దూరం అయితే తొందరగా అమ్ముడుపోతుంది మరి.

ఇంకో చిక్కు సెట్‌కి రెండో చివర ఉంది, దీన్ని ఎవరూ ముందే చెప్పరు. 7 ఐరన్‌ని అంత నిటారు చేసినప్పుడు దగ్గరి దూరాలకి వాడే, బాగా వాలిన పిచింగ్ వెడ్జ్‌ని కూడా చెయ్యాలి కదా, ఒకప్పుడు 48, 50 డిగ్రీలున్నది ఇప్పుడు 43, 44కి వచ్చింది. మీ దగ్గరున్న, ఇసుకలోంచి కొట్టే శాండ్ వెడ్జ్ మాత్రం అదే 56. మధ్యలో 12 డిగ్రీల ఖాళీ. వంద గజాల చుట్టుపక్కల నుంచి కొట్టాల్సి వస్తే ఏ క్లబ్బు తీయాలో తెలియక సగం స్వింగ్, ముప్పావు స్వింగ్ అంటూ తంటాలు పడాలి, లేదంటే గ్యాప్ వెడ్జ్ అని ఇంకోటి కొనాలి. అది చాలాసార్లు సెట్‌లో రాదు, విడిగా డబ్బు పెట్టాలి. బ్యాగ్‌లో 14 క్లబ్బులకి మించి పెట్టుకోకూడదని రూల్ ఉంది కాబట్టి దాన్ని పెట్టాలంటే ఇంకొకటి తీసెయ్యాలి. సెట్ ధర అడిగేటప్పుడు ఈ గ్యాప్ వెడ్జ్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

ఇక డ్రైవర్, అంటే మొదటి దెబ్బకి బంతిని బాగా దూరం పంపే పెద్ద తలకాయ క్లబ్బు. అందరి కళ్ళూ దీని మీదే, జేబుకి చిల్లు పెట్టేదీ ఇదే. ఇక్కడ కొత్త, పాత అని రెండు ముక్కల్లో మాట్లాడితే కుదరదు, పాతదంటే ఏ కాలంది అన్నది ముఖ్యం. పర్సిమన్ చెక్కతో చేసిన డ్రైవర్ మీ తాతగారి అటక మీద ఉంటే అది గోడకి తగిలించుకోడానికే. 1991లో కాల్‌అవే బిగ్ బెర్తా వచ్చినప్పుడు ఎంత పెద్ద తలకాయ అని అందరూ నోరెళ్ళబెట్టారు, దాని సైజు 190 సీసీ. ఇప్పటి డ్రైవర్లు 460 సీసీ, ఎందుకంటే అంతకు మించకూడదని రూల్. ఆ కాలంవాటితో పోలిస్తే ఇప్పటివి వేరే లోకం, అందులో వాదన లేదు.

కానీ మీ దగ్గరున్నది 2010 ప్రాంతంలో కొన్న 460 సీసీ టైటానియం డ్రైవర్ అనుకోండి. అప్పుడు కథ మారిపోతుంది. ముఖం బంతిని ఎంత స్ప్రింగ్‌లా విసరొచ్చో దానికి ఆట రూల్స్ చూసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు హద్దు పెట్టాయి. ఒక చిన్న స్టీల్ గుండుని లోలకంలా ముఖానికి తగిలించి, అది ఎంతసేపు ముఖాన్ని అంటిపెట్టుకుని ఉంటుందో కొలుస్తారు, 239 మైక్రోసెకన్లు, సడలింపుగా ఇంకో 18, మొత్తం 257 దాటకూడదు. ఈ పరీక్ష 2004లో వచ్చింది, 2008 నుంచి అందరికీ వర్తిస్తోంది. అంటే సరిగ్గా మధ్యలో తగిలిన బంతికి మీ 2010 డ్రైవర్ ఇచ్చే వేగం, ఈ ఏడాది డ్రైవర్ ఇచ్చే వేగం దాదాపు ఒకటే, ఎందుకంటే రెండూ అదే గోడ దగ్గర ఆగిపోయాయి. ప్రతి జనవరిలో 'ఇప్పటిదాకా వచ్చినవాటిలోకెల్లా వేగమైనది' అని ప్రకటన చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

మరి కొత్తదాంట్లో ఏముంది? మధ్యలో తగలనప్పుడు ఏమవుతుందన్నది. పక్కకి తగిలితే క్లబ్బు తల మెలితిరుగుతుంది, అలా తిరగకుండా ఎంత మొరాయిస్తుందో ఆ లెక్కని ఎంఓఐ అంటారు. దానికీ రూల్ ఉంది, నిలువు అక్షం మీద 5,900, సడలింపుతో 6,000. మరి 2024లో పింగ్, టేలర్‌మేడ్ రెండూ '10 వేలు' అని ఎలా ప్రచారం చేసుకున్నాయి అంటే, నిలువు అక్షం లెక్కకి అడ్డ అక్షం లెక్క కూడా కలిపారు. అబద్ధం కాదు, రూల్‌కి విరుద్ధమూ కాదు, కానీ చదివేవాడికి ఇది తెలియాలి. నిజం చెప్పాలంటే మనలాంటివాళ్ళకి ఈ ఎంఓఐ పనికొచ్చేదే, ముఖమంతా ఎక్కడపడితే అక్కడ తగిలిస్తాం కాబట్టి. నిలకడగా మధ్యలో కొట్టగలిగేవాడికంటే 20 హ్యాండికాప్ వాడికే, అంటే మామూలు ఆటగాడికే, కొత్త డ్రైవర్‌తో లాభం ఎక్కువ. విచిత్రం ఏమిటంటే మా దగ్గర బాగా ఆడేవాళ్ళే ఏటా మారుస్తారు, అవసరమున్నవాళ్ళు మొహమాటపడి పాతదాంతోనే ఆడతారు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా. 2008కి ముందు వచ్చిన కొన్ని డ్రైవర్లు ఆ హద్దుని దాటి ఉన్నాయి. 2000లో కాల్‌అవే తెచ్చిన ఈఆర్‌సీ 2 గురించి అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. అలాంటిది ఎవరైనా చౌకగా ఇస్తే బంతి బాగానే పోతుంది గానీ టోర్నమెంట్‌లో తీయకూడదు. రూల్‌కి లోబడిన డ్రైవర్ల లిస్టు ఆ రెండు సంస్థల సైట్లలోనూ ఉంటుంది, కొనేముందు ఒక్క నిమిషం చూసుకుంటే పోయేదేం లేదు.

పోల్చడం ఎలా అన్నది ఇంకా పెద్ద విషయం. షాపుకి వెళ్తే కొత్త క్లబ్బుకి కొత్త గ్రిప్, మీ కొలతకి సరిపడే షాఫ్ట్ బిగించి ఇస్తారు, మీ పాతదానికేమో గ్రిప్ ఎండి అట్టలా అయ్యి జారుతూ ఉంటుంది. ఒకడికి కొత్త బూట్లు, ఇంకొకడికి తెగిన చెప్పులు ఇచ్చి పరుగుపందెం పెట్టినట్టు. మన ఎండలకీ చెమటకీ రబ్బరు గ్రిప్పులు తొందరగా పోతాయి, ముందు పాతవాటికి గ్రిప్పులు మార్పించి అప్పుడు పోల్చండి, ఖర్చు పెద్దగా కాదు, కొందరికి ఆ తర్వాత కొత్త సెట్ ఆలోచనే పోతుంది. మీ పాత క్లబ్బుని షాపుకి తీసుకెళ్ళండి, మీరు ఆడే బంతినే తీసుకెళ్ళండి, ఎందుకంటే ప్రాక్టీసు చేసే రేంజ్‌లో ఉండే బంతులు అరిగిపోయి ఒక్కోటి ఒక్కోలా పోతాయి. ముందంతా పాతదాంతో కొట్టి, ఒళ్ళు వేడెక్కాక కొత్తది అందుకోవద్దు. నాలుగు దాంతో, నాలుగు దీంతో, మళ్ళీ దాంతో, ఇలా మార్చి మార్చి కొట్టండి.

బంతి ఎంత పోయిందో కొలిచే లాంచ్ మానిటర్ మిషన్ తెర మీద ఒక్క పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. బంతి గాల్లో ఎంత పోయిందో ఆ క్యారీ చూడండి, నేల మీద దొర్లింది కూడా కలిపిన అంకె మిషన్ వేసిన అంచనా. అన్నిటికంటే ముందు, బంతులు కుడికీ ఎడమకీ ఎంత చెదిరాయో చూడండి. అమ్మేవాళ్ళు 'ఇది బాగా తగల్లేదు సార్' అని చెడ్డ షాట్లని తుడిచేస్తుంటారు, తుడవనివ్వకండి, కోర్సులో మనం ఆడేది వాటితోనే. ఇంకో మాట, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ బంతి విశాఖలో కంటే కొంచెం దూరం పోతుంది, కాబట్టి ఇక్కడ కొత్తదాంతో కొట్టిన అంకెని అక్కడ పాతదాంతో కొట్టిన అంకెతో పోల్చొద్దు. షాఫ్ట్ మీద గట్టిదనం చెప్పే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్) అని అక్షరాలుంటాయే, వాటికీ కంపెనీలన్నిటికీ కలిపి ఒక ప్రమాణం లేదు, ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. కొట్టి చూడటం తప్ప దారి లేదు.

అన్ని క్లబ్బులకీ ఒకే వయసు లెక్క కుదరదు. వెడ్జ్‌లు నిజంగా ముసలివవుతాయి, ఇసుకకీ గులకరాళ్ళకీ ముఖం మీది గాడులు అరిగి బంతికి స్పిన్ తగ్గిపోతుంది, కాబట్టి డబ్బు తక్కువుంటే ముందు అవే మార్చండి. గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే పట్టర్‌కి వయసే లేదు. టైగర్ వుడ్స్ 1999లో పట్టుకున్న స్కాటీ కామెరాన్ పట్టర్‌తోనే తన 15 మేజర్లలో, అంటే అతి పెద్ద టోర్నమెంట్లలో, 14 గెలిచాడు. హెన్రిక్ స్టెన్సన్ 2016లో ఓపెన్ అనే మేజర్ గెలిచినప్పుడు బ్యాగ్‌లో ఉన్న 3 వుడ్, అంటే డ్రైవర్ కంటే కాస్త చిన్న క్లబ్బు, కంపెనీ తయారీ ఆపేసిన పాత మోడల్. కొత్త క్లబ్బులు ఊరికే ఇవ్వడానికి కంపెనీలు క్యూ కట్టే ఆటగాళ్ళు వీళ్ళు!

మనవాళ్ళలో ఇంకో అలవాటుంది, అమెరికాలో ఉన్న బావగారికో తమ్ముడికో చెప్పి సెకండ్ హ్యాండ్ సెట్ తెప్పించుకోవడం. మంచిదే, అక్కడ ఏడాది పాత మోడల్ ధర బాగా పడిపోతుంది, కొన్ని కంపెనీలు ఏటా కొత్తది దింపుతాయి కాబట్టి పోయినేడాదిది దొరకడం తేలిక. కానీ వాడినాయన ఆరడుగుల రెండంగుళాలు ఉండి షాఫ్ట్ పొడుగు చేయించుకుని ఉంటే మీ ఐదున్నర అడుగులకి అది పనికిరాదు, పొడవు, లై కోణం (నేలకీ షాఫ్ట్‌కీ మధ్య కోణం) ముందే కనుక్కోండి. మెత్తటి ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) ఐరన్లయితే లై కొంచెం వంచి సరిచేయొచ్చు, గట్టి క్యాస్ట్ (పోతపోసిన) స్టీల్ అయితే కష్టం. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చౌకగా కనబడితే నకిలీ అని అనుమానించండి, సీరియల్ నంబర్ రాసి కంపెనీని అడగండి, టైటానియం ముఖానికి అయస్కాంతం అంటదు, అంటిందంటే అది వేరే లోహం. ఎలాంటివి కొన్నా మే నెలలో కారు డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి తలనీ షాఫ్ట్‌నీ అతికించిన ఎపాక్సీ జిగురు మెత్తబడే ప్రమాదం ఉంది, ఆ తర్వాత బంతితో పాటు తల కూడా ఎగిరిపోవచ్చు. విశాఖ వాళ్ళు స్టీల్ షాఫ్ట్‌ల లోపలి తుప్పు కూడా చూసుకోవాలి.

పిల్లల గురించి ఒక్కమాట. నాన్న పాత ఐరన్ కోసి పొట్టి చేసి పిల్లాడి చేతికి ఇస్తుంటారు. కోసిన షాఫ్ట్ ఇంకా గట్టిపడుతుంది, తల బరువు మాత్రం అంతే ఉంటుంది, వాడి చేతులకి అది గదలాంటిది. ఈ ఒక్క చోట మాత్రం, సెకండ్ హ్యాండ్ అయినా సరే, పిల్లల కోసం చేసిందే కొనండి.

ఎడిటర్ గారూ, మీరు మళ్ళీ ఇలాంటి పట్టిక వేసేటప్పుడు ధర పక్కన 7 ఐరన్ లాఫ్ట్, పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్, షాఫ్ట్ పొడవు అని మూడు గడులు పెట్టండి. గ్యాప్ వెడ్జ్ సెట్‌లో వస్తుందా రాదా అన్నది కూడా. స్థలం చాలకపోతే ఆ ఫొటో కొంచెం చిన్నది చేసినా మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్